సీసీ కెమెరాలు పెట్టించిన అపార్ట్‌మెంట్ కమిటీలకు: ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి, ఇంకా మన ఊళ్లన్నిటిలోని అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్ల ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, ట్రెజరర్లు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

మేము అపార్ట్‌మెంట్లలో కెమెరాలు, వైఫై, గేటు దగ్గరి విజిటర్ యాప్‌లు బిగించి, చెడిపోతే బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం. మీరు మెయింటెనెన్స్ డబ్బుకు లెక్క రాస్తారు. రసీదు పుస్తకం ఉంటుంది, చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉంటాయి, ఏడాదికోసారి జనరల్ బాడీ ముందు జమాఖర్చు చదువుతారు. అదే భవనంలో ఎవరింటికి ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఏ ఆడపిల్ల రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరింది, ఏ ఫ్లాట్‌కి నాలుగు రోజులుగా తాళం వేసి ఉంది అన్నదంతా రికార్డయ్యే పెట్టె ఒకటుంది. దానికి మాత్రం లెక్కా ఉండదు, సంతకమూ ఉండదు. చాలాచోట్ల దాని అసలు పాస్‌వర్డ్ కమిటీకి తెలియనే తెలియదు, బిగించి వెళ్లినవాళ్లకే తెలుసు. ఆ పెట్టెను కూడా డబ్బు పెట్టెలాగే చూసుకోమని మీకు ఈ లేఖ రాస్తున్నాం. ఎలా చూసుకోవాలో కూడా ఇందులోనే చెబుతాం.

కెమెరాలు పీకేయమని మేము అనడం లేదు. బండి పోయినప్పుడు, లిఫ్ట్‌లో పిల్లవాడికి దెబ్బ తగిలినప్పుడు ఫుటేజీ ఎంత అక్కరకొస్తుందో మాకు తెలుసు. జనం ఎక్కువగా చేరే సంస్థలు కెమెరాలు పెట్టి, ఫుటేజీని 30 రోజులు ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. పెట్టడం వరకు అందరం పెట్టేశాం. పెట్టాక దాన్ని ఎవరు చూడాలి, ఎన్నాళ్లుంచాలి, ఎవరు చెరపాలి అన్నదే ఎవరూ పట్టించుకోలేదు.

ముందు తాళం సంగతి. కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను, కేబుల్ టీవీ వైరులాంటి కోయాక్స్ కేబుల్ అయితే డీవీఆర్ అని, నెట్‌వర్క్ కేబుల్ అయితే ఎన్‌వీఆర్ అని అంటాం. బిగించిన రోజు టెక్నీషియన్ దాని వెనకున్న క్యూఆర్ కోడ్‌ను తన ఫోన్లోని యాప్‌తో స్కాన్ చేసి, పనిచేస్తోందని మీకు చూపిస్తాడు. ఆ క్షణం నుంచి ఆ పెట్టె అతని ఖాతాకి అంటుకుని ఉంటుంది. తర్వాత మీ ఫోన్లకి అతను ‘షేర్’ చేస్తాడు. అంటే మీరు చూస్తున్నది అతను పంచిన వాటా, యజమాని ఖాతా అతనిదే. అతను చెడ్డవాడని మేము అనడం లేదు. అతని ఫోన్ పోవచ్చు, అతను ఉద్యోగం మారవచ్చు. అతను పనిచేసే షాపులో నలభై భవనాలకు ఒకే పాస్‌వర్డ్ నడుస్తూ ఉండవచ్చు. ఇది ఈ వృత్తిలో ఉన్న దురలవాటు, ఒప్పుకుంటున్నాం. రాత్రి పూట ఫోనొస్తే వెతుక్కోకుండా ఉంటుందని అన్నిచోట్లా అదే పెడతారు.

2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల వీడియోలు బయటపడ్డాయి. పరీక్ష గదిలో ఉన్న ఆడవాళ్ల దృశ్యాలను ఎవరో దొంగిలించి అమ్ముకున్నారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే తేలికపాటి పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేయడమే దొంగలకు దారైంది. అంతకుముందు 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. అందులో పెద్ద తెలివి ఏమీ లేదు. కంపెనీలు పెట్టే పేర్లు, పాస్‌వర్డ్‌ల జతలు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని, కనబడ్డ ప్రతి పరికరం మీదా వరుసగా ప్రయత్నించింది, అంతే.

కాబట్టి మొదటి పని ఇది. అసోసియేషన్ పేరు మీద ఒక ఈమెయిల్, ఒక ఫోన్ నంబరు పెట్టుకోండి. సెక్రటరీ గారి సొంత నంబరు వద్దు. బిగించినతన్ని పిలిపించి, మీ ఎదురుగానే అతని యాప్‌లోంచి పెట్టెను ‘డిలీట్’ లేదా ‘అన్‌బైండ్’ చేయించండి. తర్వాత అసోసియేషన్ ఖాతాతో మళ్లీ స్కాన్ చేయండి. పెట్టెలో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. పన్నెండు అక్షరాలకు తగ్గకూడదు, అపార్ట్‌మెంట్ పేరు, కట్టిన సంవత్సరం అందులో ఉండకూడదు. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడానికి పెట్టె ఒక ఈమెయిల్, మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఆ జాగాలో కూడా పాతవాళ్ల ఈమెయిలే ఉంటుంది, దాన్నీ మార్చండి. ఇది మరిచిపోతే పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం లేదు. కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, అడ్డంగా ఇద్దరు సంతకం చేసి బీరువాలో ఉంచండి. కమిటీ మారిన రోజున బ్యాంకులో సంతకాలు ఎలా మారుస్తారో, అదే రోజు దీన్నీ మార్చాలి. రెండేళ్ల కిందట దిగిపోయిన కమిటీ సభ్యుడి ఫోన్లో మీ కారిడార్ ఇంకా లైవ్‌లో కనబడుతూ ఉండటం అరుదేమీ కాదు. ఇల్లు అమ్మేసి వేరే ఊరు వెళ్లిపోయినవాళ్ల ఫోన్లలోనూ కనబడుతుంది.

వాచ్‌మన్ గదిలోని మానిటర్ కూడా చాలాచోట్ల అడ్మిన్‌గానే తెరిచి ఉంటుంది. పక్కన మౌస్ వేలాడుతుంటుంది. ఎవరైనా వచ్చి నిన్న రాత్రి తొమ్మిదింటికి వెనక్కి తిప్పి చూడొచ్చు, పెన్‌డ్రైవ్ గుచ్చి ఎక్కించుకుపోవచ్చు. యూజర్ మెనూలోకి వెళ్లి ‘గేటు’ అని ఒక కొత్త యూజర్‌ని చేయండి. అతనికి లైవ్ వ్యూ ఒక్కటే ఇచ్చి, ప్లేబ్యాక్, బ్యాకప్, సెట్టింగుల టిక్కులు తీసేయండి. ఆ లైవ్‌లో కూడా గేటు, ర్యాంప్, లిఫ్ట్ బయట ఉన్న కెమెరాలు చాలు, పై అంతస్తుల కారిడార్లు అక్కర్లేదు. మెనూలో ఆటో లాగౌట్ 5 నిమిషాలకు పెట్టండి. అసలు పెట్టెను గదిలో బల్ల మీద వదలకుండా, తాళం ఉన్న గోడ ర్యాక్‌లో పెట్టించండి. గాలి ఆడే చిల్లులున్న ర్యాక్ అయ్యుండాలి, లేకపోతే ఎండాకాలంలో హార్డ్‌డిస్క్ వేడెక్కి చస్తుంది.

ఇక ఇంటర్నెట్ వైపు తలుపు. ఫోన్లో చూడటం కోసం కొన్నేళ్ల కిందట రౌటర్‌లో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ చేసేవాళ్లు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా పెట్టెలోకి దారి తెరిచేవాళ్లు. 80, 554, 8000, 37777 అన్న నంబర్లు ఆ పేజీలో కనబడితే మీ పెట్టె నేరుగా వీధిలో కూర్చున్నట్టే. ఇప్పుడు యాప్ ద్వారా చూస్తున్నారు కాబట్టి ఆ వరుసలన్నీ చెరిపేయొచ్చు. అదే రౌటర్‌లో యూపీఎన్‌పీ అన్నది (పెట్టె అడిగితే రౌటర్ తనంతట తానే పోర్టులు తెరిచే సౌకర్యం) ఆపేయండి, పెట్టెలోనూ ఆపేయండి. రెండిట్లో ఏ ఒక్కటి వదిలేసినా కరెంటు పోయి వచ్చాక అవే పోర్టులు మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంది. పాస్‌వర్డ్ గట్టిదే కదా, పోర్టు తెరిచి ఉంటే ఏమవుతుందని అడుగుతారు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ అనే కెమెరాల కంపెనీ పరికరాల్లో ఒక లోపం బయటపడింది. దాంతో అసలు పాస్‌వర్డే లేకుండా లోపలికి వచ్చి కెమెరాను తమ చేతిలోకి తీసుకోవచ్చు. కంపెనీ దిద్దుబాటు విడుదల చేసింది కానీ, కొత్త ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించినవాళ్లకే అది అందింది. మీ ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందంలో ‘ఆరు నెలలకోసారి ఫర్మ్‌వేర్ సరిచూడాలి’ అన్న ఒక్క వాక్యం చేర్పించండి. కెమెరా అద్దం తుడవడం, వైరు బిగించడంతో పాటు ఇదీ సర్వీసే. కొత్తవి కొనేటప్పుడు మరో మాట. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలు ప్రకటించింది. ఆ పరీక్షలు నెగ్గినవే తీసుకోండి. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల బ్యూరో) నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. కొటేషన్‌లో రెండు వేలు తగ్గిందని పాత సరుకు తీసుకోకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఏ మంచి టెక్నీషియన్ అయినా ఒక పూటలో చేసేస్తాడు. అసలు కష్టం కెమెరా ఎటు చూస్తోందన్న దగ్గర ఉంది. దీనికి మీరు కూడా నిచ్చెన పక్కన నిలబడాలి.

మన ఇళ్లలో పొద్దున్న పాల ప్యాకెట్టు తీసుకున్నప్పటి నుంచి వీధి తలుపు తెరిచే ఉంటుంది. గ్రిల్ మాత్రమే వేసి ఉంటుంది. గడప అవతల ముగ్గు, ఇవతల హాలు. అమ్మమ్మ గాలికి గుమ్మంలోనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంది. కారిడార్ చివర పైకప్పుకి బిగించిన కెమెరాకి ఇదంతా కనబడుతుంది. ఎందుకంటే మార్కెట్లో డోమ్ కెమెరాకి మామూలుగా వచ్చే లెన్సు 2.8 మిల్లీమీటర్లది. అది వంద డిగ్రీలకు పైగా వెడల్పు చూస్తుంది. ఐదారు అడుగుల వెడల్పున్న కారిడార్‌కి అంత చూపు అక్కర్లేదు. సగం ఫ్రేములో రెండు పక్కల గోడలు, తలుపులే ఉంటాయి. అక్కడ 4 లేదా 6 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే చూపు సన్నబడి దారి మాత్రమే కనబడుతుంది, పైగా దూరంగా ఉన్న మనిషి ముఖం ఇంకా స్పష్టంగా వస్తుంది. ఐపీ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచేది) అయితే సెట్టింగుల్లో ‘కారిడార్ మోడ్’ అని ఉంటుంది. కెమెరాని తొంభై డిగ్రీలు తిప్పి బిగించి అది ఆన్ చేస్తే బొమ్మ అడ్డంగా కాక నిలువుగా వస్తుంది. భద్రతకీ ఇదే మేలు, ఇళ్ల మర్యాదకీ ఇదే మేలు. ఖర్చు కూడా ఏమీ లేదు, తెలియక చేయించరు.

లెన్సు మార్చలేనిచోట ‘ప్రైవసీ మాస్క్’ వాడండి. కెమెరా మెనూలో ఉంటుంది. కోయాక్స్ అయితే డీవీఆర్ మెనూలో చూడండి. బొమ్మ మీద మౌస్‌తో గడులు గీస్తే ఆ భాగం నల్లగా అయిపోతుంది, చాలావాటిలో నాలుగు గడుల దాకా గీసుకోవచ్చు. ఆ నలుపు రికార్డింగులోనే పడుతుంది, తర్వాత ఎవరూ దాన్ని తొలగించి చూడలేరు. ప్రతి ఇంటి తలుపు మీద ఒకటి గీయండి. గుమ్మం బయట నిలబడ్డ మనిషి కనబడాలి, గడప లోపల కనబడకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మాస్కు ఫ్రేములో ఒక చోటికి అతుక్కుని ఉంటుంది, తలుపుకి కాదు. బూజు దులిపేటప్పుడు కెమెరా రెండు వేళ్ల మందం కదిలినా మాస్కు గోడ మీదికి జరిగి తలుపు మళ్లీ బయటపడుతుంది. సాలెగూళ్లు కూడా ఆ కెమెరాల చుట్టే అల్లుకుంటాయి. అందుకని శుభ్రం చేసిన ప్రతిసారీ మానిటర్ మీద మాస్కు చూసుకోవాలి. పరీక్ష రెండు పూటలా చేయండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి. పగలు చీకటిగా కనబడే హాలు, రాత్రి లోపల లైటు వేసినప్పుడు సినిమా తెరలా కనబడుతుంది.

డాబా మీద ట్యాంకు దగ్గర కెమెరా ఉంటే అది మెట్ల తలుపును, ట్యాంకు మూతను చూడాలి, బట్టలారేసే తీగలను కాదు. ఆడవాళ్లు ఆ తీగల దగ్గరికి వెళ్లడం మానేసి బాల్కనీలో ఆరేసుకుంటుంటే, కారణం ఆ కెమెరానేమో ఒకసారి అడిగి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైంది సెల్లార్. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండేది సెల్లార్ మూలన ఒకే ఒక గదిలో. దాని బయటే కుళాయి, అంట్లు తోమే గట్టు, పిల్లలకు నీళ్లు పోసే చోటు. చాలాసార్లు స్నానానికి కూడా చాటు అంతంత మాత్రమే. పార్కింగ్ కోసం పెట్టిన కెమెరా సరిగ్గా ఆ గుమ్మం మీదికే ఉంటుంది. ఆ దృశ్యం కమిటీలో అందరి ఫోన్లలోనూ ఇరవై నాలుగు గంటలూ కనబడుతూ ఉంటుంది. ఆ ఇల్లాలికి చెప్పే దిక్కు లేదు. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. మీ ఇంటి గుమ్మం మీద ఎలా ఒప్పుకోరో ఇక్కడా అలాగే ఒప్పుకోకండి. కెమెరాను రెండు స్తంభాల అవతలికి మార్చి కార్ల వైపు తిప్పితే పని అయిపోతుంది. కేబుల్ ఒక పది మీటర్లు అదనంగా పడుతుంది. అది కుదిరేదాకా మాస్కు ఈ రోజే గీయొచ్చు.

మాట కూడా రికార్డవుతుందని చాలామందికి తెలియదు. ఇప్పుడొచ్చే చాలా కెమెరాల లోపలే మైకు ఉంటుంది. లిఫ్ట్‌లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది, కారిడార్‌లో ఫోన్లో డాక్టరుతో చెప్పుకునేది అన్నీ అందులో పడతాయి. ఎన్‌కోడింగ్ మెనూలో ఒక్కో కెమెరాకి ఆడియో టిక్కు తీసేయండి. ‘సబ్ స్ట్రీమ్’కి వేరే టిక్కు ఉంటుంది, అదీ తీయాలి. ఫోన్లో కనబడేది అదే. తీశాక ఐదు నిమిషాల పాత క్లిప్పు కాకుండా కొత్త క్లిప్పు ఒకటి ప్లే చేసి, వాల్యూమ్ పెంచి విని నిర్ధారించుకోండి.

ఎన్ని రోజులు ఉంచాలన్నది ఎవరూ నిర్ణయించరు, హార్డ్‌డిస్క్ నిర్ణయిస్తుంది. లెక్క చూడండి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) కెమెరాను హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) దగ్గర నడిపితే రోజుకు 21.6 జీబీ అవుతుంది. 16 కెమెరాలకు రోజుకు సుమారు 346 జీబీ. 8 టీబీ డిస్కు 23 రోజుల్లో నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. అదే డిస్కు నాలుగే కెమెరాలున్న చిన్న భవనంలో ఉంటే 92 రోజుల బతుకు అందులో పోగుపడి ఉంటుంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కర్లేదు, అయినా ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చి దొంగతనం జరిగిందని తెలుసుకునేవాళ్లుంటారు కాబట్టి 20 రోజులు ఉంచమని మా సలహా. కింద దుకాణాలు, క్లినిక్కులు ఉంటే 30. అంతకు మించనివ్వకండి. డిస్కు పెద్దదైనా సరే, స్టోరేజీ మెనూలో ‘ఎక్స్‌పైర్డ్ టైమ్’ అనో ‘ఆటో డిలీట్’ అనో ఉండే చోట ఆ అంకె వేస్తే అదే చెరుపుకుంటుంది. పాత డిస్కు మార్చినప్పుడు దాన్ని షాపువాళ్లకు ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయకండి. ఫార్మాట్ చేసినా అందులోని వీడియో తిరిగి తీయొచ్చు. డ్రిల్లింగ్ మిషన్‌తో రెండు చిల్లులు పొడిపించి తర్వాత పారేయండి.

ఫుటేజీ బయటికి వెళ్లే దారిలో పెద్దది వాట్సాప్ గ్రూపు. ‘ఈ పిల్లలు ఎవరివాళ్లు, గోడ మీద గీశారు’ అని క్లిప్పు పడుతుంది. పది నిమిషాల్లో మూడు కుటుంబాల మధ్య మాటల్లేకుండా పోతాయి. ఆ వీడియో గ్రూపు దాటి ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. మాట ఒకటి పెట్టుకోండి. ఫుటేజీ కావాలంటే ఫ్లాట్ నంబరు, తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎందుకు అని కాగితం మీద రాసివ్వాలి. కమిటీలో ఇద్దరు కలిసి చూడాలి. చూసిందంతా ఒక నోటు పుస్తకంలో రాయాలి. కాపీ ఇవ్వాల్సిందేనంటే ఆ నిమిషాల ముక్క మాత్రమే ఇవ్వాలి. పెద్దవాళ్లు తమ కోడలు ఎప్పుడు వచ్చిందో, ఇంటి ఓనరు తన అద్దెదారుడి దగ్గరికి ఎవరొచ్చారో చూపించమంటే కుదరదని చెప్పగలిగే బలం ఆ పుస్తకమే మీకిస్తుంది. ఇలా అడిగేవాళ్లు అన్ని భవనాల్లోనూ ఉంటారు. మొహమాటానికి పోయి చూపించేస్తున్నారు, అదే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది.

పోలీసులు అడిగితే ఆలస్యం చేయకుండా ఇవ్వండి, కానీ రాతపూర్వకంగా అడగమనండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 94వ సెక్షన్ కింద వాళ్లు నోటీసు ఇవ్వగలరు. మానిటర్‌ను ఫోన్‌తో షూట్ చేసి పంపిన వీడియో కోర్టులో నిలబడటం కష్టం. పెట్టెలోంచి నేరుగా పెన్‌డ్రైవ్‌కి తీయాలి, ఆ ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి షా-256 హ్యాష్ లెక్కించాలి, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. ఇంత చేసినా గడియారం తప్పైతే అంతా వృథా. పెట్టెలో టైమ్‌జోన్ జీఎంటీ+5:30 ఉందా, నెట్ నుంచి గడియారాన్ని సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్‌లో ఉందా చూడండి. నెట్ లేని భవనాల్లో బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. ఆ బ్యాటరీ కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

గేటు యాప్ సంగతి కొంచెం వేరు. అది మీ దగ్గర కాకుండా ఇంకొకరి సర్వర్లో ఉంటుంది. వచ్చినవాళ్ల ఫోటో, ఫోన్ నంబరు, బండి నంబరు, ఇళ్లల్లో పనిచేసే ఆమె ఏ ఫ్లాట్‌లోకి ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి బయటికొచ్చింది, ఆమెకు ఎవరెన్ని చుక్కల రేటింగు వేశారు అన్నీ అక్కడ చేరతాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ హక్కు పై అంతస్తులో ఉండేవాళ్లకెంతో, గేటు దగ్గర వేలిముద్ర వేసి లోపలికొచ్చే ఆమెకూ అంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత ఇంటి అవసరానికి వాడుకునే సమాచారాన్ని మినహాయించింది. అసోసియేషన్‌కు ఆ మినహాయింపు వర్తించదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అంటే ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, అవసరం తీరాక చెరిపేయాలి, బయటికి పొక్కితే సంబంధితులకు తెలియజేయాలి. కాపాడే ఏర్పాట్లలో లోపానికి ఆ చట్టంలో రాసిన గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. నలభై ఫ్లాట్ల భవనాన్ని ఎవరూ అంత అడగరు, కానీ బాధ్యత మాత్రం మీదే.

యాప్ కంపెనీతో ఒప్పందం పునరుద్ధరించే ముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా రాబట్టండి. విజిటర్ల వివరాలు ఎన్ని రోజులుంచుతారు, ప్రకటనల కోసం ఎవరికైనా ఇస్తారా, అద్దెవాళ్లు ఖాళీ చేస్తే వాళ్ల ఖాతా ఎప్పుడు చెరుపుతారు, మనం యాప్ మానేస్తే మొత్తం చెరిపినట్టు ఏ కాగితం ఇస్తారు. జవాబు రాకపోతే వేరే కంపెనీని చూడండి. పనివాళ్ల రాకపోకలు వాళ్లు పనిచేసే ఇంటికి తప్ప మిగతా ఇళ్లకు కనబడకుండా సెట్టింగు ఉంటుంది, అడ్మిన్ పేజీలో వెతికి అది పెట్టండి. చుక్కల రేటింగు ఆపేయండి. ఎవరో కోపంలో వేసిన ఒక్క చుక్క ఆమెకు కాలనీ మొత్తంలో పని లేకుండా చేస్తుంది, ఆమె వైపు మాట చెప్పుకునే చోటు ఆ యాప్‌లో లేదు. పనివాళ్ల, అద్దెవాళ్ల ఆధార్ జిరాక్సులు గేటు బల్ల సొరుగులో దొంతరగా పడి ఉంటాయి. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ వెబ్‌సైటులో ఉచితంగా దించుకోవచ్చు. అదే తీసుకోండి, పాతవి చింపేయండి. కాగితం రిజిస్టర్ వాడుతుంటే ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరికి కనబడకుండా చీటీల పద్ధతి పెట్టండి. ముందు వచ్చినామె నంబరు తర్వాత వచ్చినవాడికి చదువుకోవడానికి వీలుగా ఇన్నాళ్లూ బల్ల మీద పరిచే ఉంచాం.

ఫ్లాట్‌వాళ్లు సొంతంగా పెట్టుకునే వీడియో డోర్‌బెల్‌ల మీద తగువులు ఇక మీ ముందుకే వస్తాయి. ఉమ్మడి ఇంట్లో నివసించే భాగంలో తోడు ఉండేవాళ్ల ఒప్పుకోలు లేకుండా కెమెరాలు నడపడం గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది, దాని మీద అప్పీలును సుప్రీంకోర్టు అదే ఏడాది మేలో కొట్టేసింది. డోర్‌బెల్ వద్దనకండి. ఎదురింటి తలుపు మీద మాస్కు గీసి, ఆడియో ఆపి, ఆ బొమ్మను ఎదురింటివాళ్లకు ఒకసారి చూపించాలని నియమం పెడితే చాలు. ఎదురెదురు తలుపులున్నచోట డోర్‌బెల్‌ను పక్కకు వంచి పెట్టే ఏటవాలు ముక్క కూడా దొరుకుతుంది, రెండు స్క్రూల పని.

ఇంటి లోపలి సంగతి కమిటీ అధికారంలోకి రాదు. కానీ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల హాల్లో, పడగ్గదిలో కెమెరా పెట్టించమని ఫోన్ చేసేది సెక్రటరీకే. వాళ్ల ఆందోళన మనందరికీ అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ కెమెరాలు వాడే సుమారు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల దృశ్యాలు కనబడ్డాయని వాళ్లకు చెప్పండి. రింగ్ కంపెనీలో ఉద్యోగులే వినియోగదారుల ఇళ్ల వీడియోలు చూశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టగా, 2023లో ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించింది. అందుకని పడగ్గదిలో వద్దు. హాల్లో పెడితే వీధి తలుపు వైపు తిప్పి పెట్టాలి, ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. దాని ప్లగ్గు పక్కన అమ్మానాన్నల చేతికందేలా ఒక మామూలు స్విచ్ ఉండాలి. యాప్‌లో ఆపమంటే వాళ్లకు రాదు, స్విచ్ ఆపడం అందరికీ వచ్చు. నాన్నగారు లేచి నడుస్తున్నారో లేదో తెలుసుకోవడమే కావాలంటే బాత్రూం తలుపుకి, ఫ్రిజ్ తలుపుకి చిన్న అయస్కాంతపు డోర్ సెన్సర్లు చాలు. అవి తలుపు తెరిచిన సంగతే చెబుతాయి, బొమ్మ తీయవు.

భవనం అంతటికీ ఒకే వైఫై ఉంటే, కెమెరాలను, ఆఫీసు కంప్యూటర్‌ను, వచ్చిపోయేవాళ్ల ఫోన్లను ఒకే నెట్‌వర్కులో కలపకండి. గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టి, పాస్‌వర్డ్ నోటీసు బోర్డు మీద రాయాలనుకుంటే దానిదే రాయండి.

నోటీసు బోర్డు అనుకున్నాం కాబట్టి, గేటు దగ్గర ఈ నాలుగు వాక్యాలు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించి పెట్టండి: ‘ఈ ప్రాంగణంలో 16 కెమెరాలు ఉన్నాయి. మాటలు రికార్డు కావు. ఫుటేజీ 20 రోజుల తర్వాత చెరిగిపోతుంది. మీ ఫుటేజీ గురించి అడగడానికి, అభ్యంతరం చెప్పడానికి కమిటీ సెక్రటరీని కలవండి.’ అంకెలు మీ భవనానివి వేసుకోండి. అయితే ఆ మాటలు నిజమయ్యాకే బోర్డు పెట్టండి.

ఇళ్లలో, స్నానాల చోట్ల దొంగచాటుగా కెమెరా పెట్టినట్టు ఎవరైనా చెబితే మాత్రం అది కమిటీ పంచాయతీ కాదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ కింద నేరం. ఆ పరికరాన్ని ముట్టుకోకుండా, దాని వైఫై ఆపకుండా, ముందు పోలీసులను పిలవండి. వీడియో అప్పటికే బయట తిరుగుతుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, లింకులు, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టమని చెప్పండి.

పదహారు కెమెరాల భవనంలో ఇదంతా చేయడానికి ఒక ఆదివారం పొద్దున నాలుగు గంటలు పడుతుంది. ఎనిమిదడుగుల నిచ్చెన, ఒక ల్యాప్‌టాప్, నెట్‌వర్క్ కేబుల్, నోటు పుస్తకం, టెక్నీషియన్‌తో పాటు కమిటీ నుంచి ఒక మగవారు, ఒక ఆడవారు ఉండాలి. ఏ తలుపు ఎంత కనబడితే ఇబ్బందో ఆడవాళ్లు చూసి చెప్పినంత సరిగ్గా మేము చెప్పలేం. తర్వాతి జనరల్ బాడీ దాకా ఆగకుండా ఈ నెలలోనే ఒక ఆదివారం పెట్టుకోండి. నిచ్చెన మొదట సెల్లార్‌లో, వాచ్‌మన్ గది ఎదురుగా ఉన్న కెమెరా కింద వేయండి.

ఇట్లు,
అపార్ట్‌మెంట్లలో కెమెరాలు, నెట్‌వర్కుల పని చేసే కొందరు టెక్నీషియన్లు